గుండ్లతో ఫైనల్ ఆడించిన మా కెప్టెన్ మునిరత్నం

నిన్న పొద్దున ఆఫీసుకు బయల్దేరుతుంటే సామేలు ఫోన్ చేశాడు.

"మునిరత్నం పోయినాడప్పా. హార్ట్ అటాక్."

"ఏ మునిరత్నం?" అన్నాను.

మా వైపు ఏ ఊరు చూసినా నలుగురైదుగురు మునిరత్నాలు ఉంటారు. వాళ్ళలో ఎవరో ఒకరు అయ్యుండాలని ఆ క్షణం గట్టిగా కోరుకున్నాను.

సామేలు ఏడుస్తున్నాడు.

మనవాడే.

తిరుపతి నుంచి కాణిపాకం దాకా బండి ఎలా నడిపానో నాకే తెలియదు.

మీలో చాలామందికి మునిరత్నం అంటే గుడి దారిలో టెంకాయల అంగడాయన. మాకు మాత్రం హైస్కూల్ ఫుట్‌బాల్ టీం కెప్టెన్. మేం పదో తరగతిలో ఉన్నప్పుడు స్కూలుకు జిల్లా కప్పు తెచ్చిపెట్టినవాడు. అంతకు ముందు మా స్కూలుకు ఏ కప్పూ లేదు. తర్వాతా రాలేదు.

సగం మందికి బూట్లు లేవు. నంబర్లు లేని పసుపు బనియన్లు. సామేలు గోల్‌కీపర్, నేను లెఫ్ట్ వింగ్, ముని సెంటర్ ఫార్వర్డ్.

ముని వాళ్ళ నాయనకు ఆటంటే గిట్టదు. "బంతి కూడు పెడతాదా?" అనేవాడు.

మునికి కప్పు మీద ఎంత ఆశ ఉందో తెలియదు గానీ, నాయన ఒక్కసారి వచ్చి తన ఆట చూడాలని మాత్రం ప్రాణం కొట్టుకునేది. ప్రతి మ్యాచ్ ముందు రోజు పోయి చెప్పేవాడు. ఆయన టెంకాయల పీచు తీస్తూ తలెత్తేవాడు కాదు.

సెమీస్‌లో హాఫ్ టైంకు వెనకబడి ఉన్నాం. మావాడు ఎవరినీ అడక్కుండా అందరి తరఫునా మొక్కేశాడు. "స్వామీ, ఫైనల్‌కు చేర్చు. టీం మొత్తం కొండకు నడిచొచ్చి గుండ్లు కొట్టించుకుంటాం."

ఊళ్ళోనే వినాయకుడు ఉండగా, వీడు పోయి ఏడుకొండలవాడికి మొక్కాడు చూడండి!

గెలిచాం.

తీరా చూస్తే ఫైనల్ నెత్తి మీదికొచ్చింది. మొక్కు తీర్చకుండా ఆడితే ఓడిపోతామని అందరికీ భయం. పీఈటీ సార్‌కు చెప్పకుండా అలిపిరి నుంచి మెట్లెక్కాం.

సామేలుది చర్చికి పోయే కుటుంబం. నువ్వు వద్దులేరా అన్నాం. "టీం మొత్తం అని మొక్కినాడు గదా," అంటూ మా అందరికంటే ముందు పోయి తల వంచి కూర్చున్నాడు.

దిగొచ్చాక చూడాలి మా అవస్థ. పిక్కలు బిగుసుకుపోయి ఒక్కడూ సరిగ్గా నడవలేడు.

సార్ తల పట్టుకున్నాడు. "కప్పు గెలిస్తే అని మొక్కాల గదరా సన్నాసీ! ఫైనల్‌కు చేరితే అని ఎవుడన్నా మొక్కుతాడా?"

చిత్తూరులో ఫైనల్. గంధం పూసిన పదకొండు గుండ్లు గ్రౌండ్‌లోకి దిగితే జనం ఒకటే నవ్వు.

ఆట మొదలైన కాసేపటికి గేటు దగ్గర నుంచి కేక వినిపించింది.

"మునిరత్నం! రేయ్ మునిరత్నం!"

ఓరకంట చూశాను. ముని వాళ్ళ నాయన! అంగడి వదిలి కదలని మనిషి.

ఆయన పిలుస్తున్నది నన్ను. మా ఇద్దరిదీ ఒకే ఒడ్డూ పొడుగూ. అన్ని గుండ్లలో కొడుకు ఎవడో పోల్చుకోలేక, దగ్గరగా ఆడుతున్న నన్నే వాడనుకున్నాడు. మళ్ళీ మళ్ళీ పిలిచాడు. బంతేమో నా కాళ్ళ దగ్గరే తిరుగుతోంది. ఆగి చెప్పే వీలు లేదు.

హాఫ్ టైంలో మునికి చెప్పాను. ఇద్దరం గేటు దగ్గరికి ఉరికాం. ఆయన లేడు.

"జనం ఎనకాల ఉంటాడేమో అప్పా. ఆ పక్క నేను ఆడతా," అన్నాడు ముని.

సార్ గొంతు చించుకుని అరుస్తున్నా వినలేదు. సెకండ్ హాఫ్ అంతా గేటు వైపే ఆడాడు. గోల్ కొట్టాడు. కొట్టి, మా ఎవరి దగ్గరికీ రాకుండా నేరుగా గేటు దగ్గరికి పరిగెత్తాడు.

అక్కడ నిలబడి రోడ్డు వైపు చూశాడు.

ఆ ఒక్క గోల్‌తోనే గెలిచాం.

తిరుగు బస్సులో కప్పు వాడి ఒళ్ళో ఉంది. "మా నాయనొచ్చిన సంగతి ఎవురికీ చెప్పొద్దప్పా. బేరాలప్పుడు అంగడి ఇడిసిపెట్టి వచ్చినాడని తెలిస్తే మా అమ్మ గొడవ పెడతాది. ఆయనే చెప్పినప్పుడు చెప్పనీ," అన్నాడు.

ఆయన చెప్పలేదు. వీడు అడగలేదు. పదో తరగతి కాగానే వీడు కూడా ఆ అంగట్లోనే కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ తండ్రీకొడుకులు పక్కపక్కనే ఉన్నారు. బేరాల గురించి, వానల గురించి మాట్లాడుకున్నారు. మన ఇళ్ళల్లో అంతే కదా.

నిన్న నేను పోయేసరికి పెద్దాయన బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. కంట్లో చుక్క నీరు లేదు. పోయి పక్కన కూర్చున్నాను.

ఆయనే అన్నాడు. "మీ కప్పు ఆటకు నేనొచ్చినా నాయనా. టెంకాయల లోడుకని చెప్పి వచ్చినా. అన్నిసార్లు పిలిస్తి. వాడు తిరిగి కూడా సూడలేదు. నేను రావడం వానికి ఇష్టం లేదేమో అనుకుంటి. ఆటో వాడు తొందర పెడితే ఎళ్ళిపోయినా. మళ్ళా ఆ మాటే ఎత్తలేదు."

ఇన్నేళ్ళు ఈ మనిషి ఆ బాధ మోశాడా!

"మామా, నువ్వు పిలిచింది వాణ్ణి కాదు. నన్ను."

అంతా చెప్పాను. వాడు గేటు వైపుకు మారి ఆడిన సంగతి, గోల్ కొట్టి గేటు దగ్గరికి పరిగెత్తిన సంగతి.

"నా కోసమా?" అన్నాడు.

"నీ కోసమే మామా."

లేచి లోపలికి పోయాడు. కొడుకు తల ఒళ్ళోకి తీసుకుని, అప్పుడు ఏడ్చాడు.

మునీ, నువ్వు చెప్పొద్దన్నది చెప్పేసినాన్రా. ఏమనుకోవద్దు.

మీ నాయనకు తెలిసింది. ఇంక నిమ్మళంగా పోయిరా, కెప్టెన్.