చిల్లులున్న ఆకు

ఎనుగు ఊరి సంతలో అందరూ నిగనిగలాడే ఉగు అనే గుమ్మడిజాతి ఆకు ఏరుకుంటే, ఒరియాకు అనే పెద్దావిడ మాత్రం పురుగు తిన్న కట్టలే వెతుక్కుంటుంది. "పురుగాకుల పెద్దమ్మ వచ్చింది," అని ఆకులమ్మేవాళ్లు నవ్వుతారు. "పురుగు బతికిందంటే మందు కొట్టలేదనేగా," అంటుందామె. పెద్దకూతురు కాన్పులో రక్తం చాలక చనిపోయింది. చిన్నకూతురు అకూడోకి ఇప్పుడు ఏడో నెల, ఆమెకూ రక్తం తక్కువే. అందుకే ఒరియాకు రోజూ పొద్దున్నే, రక్తం పడుతుందని, ఆకును ఉప్పునీళ్లలో మూడుసార్లు కడిగి, అరచేతుల మధ్య నలిపి, రసాన్ని గుడ్డలో వడగట్టి, డబ్బాపాలు కలుపుతుంది. ముందు తనే కాస్త తాగి గుమ్మంలో కూర్చుంటుంది. తన కడుపులో ఏ తేడా లేదని నమ్మకం కుదిరాకే గ్లాసు కూతురికిస్తుంది. ఒరియాకు గోళ్లు ఎప్పుడూ పచ్చగానే ఉంటాయి.

నిన్న సంతలో చిల్లులున్న కట్ట ఒక్కటీ దొరకలేదు. తెచ్చిన నున్నటి ఆకును ఏడుసార్లు కడిగింది. రసం తీసి, తన వాటా తాగి, గుమ్మంలో కూర్చుంది. లేచి వంటింట్లోకి వెళ్లేసరికి గ్లాసు ఖాళీగా ఉంది.

"ఎంతసేపే అమ్మా నీ రుచి చూడ్డం? ఆకలేసి తాగేశా," అంది అకూడో, పెదవి మీది పచ్చటి మీసం తుడుచుకుంటూ.

ఒరియాకు పొయ్యి వెలిగించలేదు. మంచం పక్కన పీట వేసుకుని, నిద్రపోతున్న కూతురి ఊపిరినే చూస్తూ మధ్యాహ్నం దాకా కూర్చుంది. అకూడో కళ్లు తెరిచింది.

"ఏంటే, అలా చూస్తున్నావు?"

"మొహానికి రక్తం పట్టిందేమోనని," అంది ఒరియాకు, పచ్చటి గోళ్లను ఒళ్లో దాచుకుంటూ.