మా పప్పు గిన్నె మీద పెద్దల తీర్పు

సర్వేయరంటే పొలాలు కొలిచే మనిషనుకుంటారు అందరూ. మా ఆయన కొలిచింది పొలాలు కాదు, నష్టాలు. బీమా చేసిన దుకాణం కాలినా, గోదాములో నీళ్లు చేరి బస్తాలు నానినా, కంపెనీ పంపితే వెళ్లి చూసి, మంట ఎక్కడ పుట్టింది, ఎంత సరుకు పోయింది, ఏది ఇంకా పనికొస్తుంది అని తేల్చి చెప్పడం ఆయన పని. నాకు సంతకం పెట్టేంతవరకే చదువు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. కానీ ఆ మసి చొక్కాలు ఉతికిన చేతులు మాత్రం నావే.

ఆ పని నేర్పే బడి ఎక్కడా లేదు. సికింద్రాబాద్‌లో, చుట్టుపక్కల ఊళ్లలో ఉన్న సర్వేయర్లే నెలకో ఆదివారం ఒకరింట్లో కూర్చుని ఒకరికొకరు నేర్పుకునేవారు. రజాకార్ల గొడవల్లో ఆ కూర్చోవడాలు ఆగిపోయాయి. పోలీస్ యాక్షన్ అయ్యాక, జనం మళ్లీ ధైర్యంగా రైలెక్కుతున్న రోజుల్లో అవీ మొదలయ్యాయి. మా ఆయన అప్పుడే ఒక బీమా ఆఫీసులో గుమాస్తా కొలువు మానేసి ఈ పనిలోకి దిగాడు. కొత్తవాణ్ణి కంపెనీలు నమ్మవు. ఈ పెద్దలు "మావాడే, పంపండి" అంటేనే పిలుస్తారు. వాళ్లు కాదంటే మా పొయ్యి వెలిగే దారి లేదు.

వాళ్లలో చేరాలంటే తన ఇంట్లో ఆ ఆదివారం కూడిక పెట్టి, తన కేసులో కాలిన వస్తువొకటి వాళ్ల ముందు ఉంచాలి. దానికొక కాయిదా ఉంది. వస్తువు పుట్టుపూర్వోత్తరాలు, సొంతదారు చెప్పిన మాట ముందుగా చెప్పవచ్చు. ఆ తర్వాత తెచ్చినవాడు నోరు విప్పకూడదు. మిగతావాళ్లంతా ముట్టుకుని, వాసన చూసి, తమకు తోచింది చెప్పాక ఆఖరున మాట్లాడాలి. లేకపోతే అందరి కళ్లూ అతను చూపించిన వైపే పోతాయట.

మా ఆయన కేసు ఒక భోజన హోటల్. ఆ హోటలాయన, "నేను పొయ్యి ఆర్పేసే పోయాను, మంట పక్క దుకాణం కప్పు మీదుగా వచ్చింది" అన్నాడు. కంపెనీకి నమ్మకం లేదు. అక్కడి వంటగదిలో దొరికిన గిన్నెను మా ఆయన గోనెసంచిలో చుట్టి, చిలకలగూడలోని మా ఇంటి వరండాలో బల్ల కింద పెట్టాడు.

ఆ ఆదివారం పొద్దున నేను పొయ్యి మీద పప్పు పెట్టి, గోడ దగ్గరకు పోయాను. పక్కింటావిడ ఏ దుకాణంలో చక్కెర దొరుకుతోందో చెప్పడం మొదలుపెట్టింది. చక్కెర నుంచి వాళ్ల తోడికోడలి మీదికి మళ్లింది. నేను తిరిగొచ్చేసరికి పప్పు మాడి బొగ్గయింది. గబగబా నీళ్లు కుమ్మరించి, బూడిద చల్లి, గిన్నెను వరండాలో కుళాయి దగ్గర నానబెట్టాను.

మా ఆయన మిగతావాళ్లను తీసుకురావడానికి స్టేషన్‌కు వెళ్లాడు. ఈలోగా వాళ్లందరికీ పెద్దయిన సాబు, తెల్ల షేర్వానీ ఆయన, ముందే వచ్చేశాడు. కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటూ నా గిన్నెను చూశాడు. మసి కనబడితే ఆయనకు మల్లెపూలు కనబడ్డట్టే. కేసు గిన్నె ఇదేననుకుని, రెండు చేతులా ఎత్తుకుని పోయి, కూర్చోవడానికి పరిచిన చాప మధ్యలో పెట్టుకున్నాడు.

మా ఆయన వచ్చి చూసి నోరు తెరిచాడు. సాబు చెయ్యెత్తాడు.

"చుప్! కాయిదా యాద్ లేదా బేటా?"

హోటలాయన మాట వాళ్లందరికీ ముందే చెప్పేశాడు, ఇక ఏం చెబుతాడు? గోడకానుకుని కూర్చున్నాడు. నేను తలుపు తెర వెనక.

"జెర చూడుండ్రి," అన్నాడు సాబు. "మసి మొత్తం అడుగుకే ఉన్నది. అంచు సాఫ్. మంట కిందికెల్లి వచ్చింది, పైకెల్లి కాదు."

"అవునండీ," అన్నాడు బెజవాడ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన ఇంకొకాయన. "పొయ్యి ఆర్పానన్నాడు కదండీ? ఏం ఆర్పాడు, పప్పు రాయిలా అంటుకుపోతేను!"

"గంతే కాదు. నీళ్లు పోసిన్రు, బూడిద సుత చల్లిన్రు. తప్పు దాస్తామని చూసిన్రు. పొయ్యి మీద పెట్టి ఎటో పోయిండు, ముచ్చట్ల పడ్డడు. ఝూటా మనిషి!"

నా చెవులు వేడెక్కాయి. పక్కన కూర్చుని చూసినట్టు చెబుతున్నాడు మరి సాబు. మిగతావాళ్లూ ఒక్కొక్కరే తలూపారు. హోటలాయన అబద్ధాలకోరని తేల్చేశారు.

మా ఆయన వంతు వచ్చింది. అవునంటే ఒక నిజం చెప్పినవాడి అన్నం పోతుంది. కాదంటే పెద్దలందరి పరువూ మొదటి రోజే మా చాప మీద పోతుంది. నేను తెర సందులోంచి చేతులు జోడించాను, ఊరుకోమని. ఆయన లేచి నిలబడ్డాడు.

"సాబ్, మీరు చెప్పిన ప్రతి మాటా నిజమే. కాకపోతే గా పని చేసింది హోటలాయన కాదు, మా ఇంట్ల ఆమె."

సాబు మెల్లగా తెర వైపు తిరిగాడు.

"అమ్మా, పప్పు పెట్టి ఎటు పోయినవ్?"

"గోడ కాడ ముచ్చట్ల పడ్డ సాబ్. మీరు చెప్పినట్టే."

ఆయన నవ్వు షురూ చేస్తే టోపీ జారి గిన్నెలో పడింది. గోడ అవతల నుంచి పక్కింటావిడ, "ఏందక్కా, నా ముచ్చట సుత తీస్తున్నరా?" అంటే ఇల్లంతా గొల్లుమంది.

అప్పుడు గోనెసంచి విప్పారు. ఆ గిన్నె అంచంతా నలుపు, లోపల కప్పు నుంచి రాలిన పెంకు ముక్కలు, అడుగు తోమినట్టు శుభ్రం. మంట పైనుంచే వచ్చింది. ఈసారి అందరూ చూశాకే మా ఆయన మాట్లాడాడు.

"పెద్దోళ్లకు తలూపుతవనుకున్న," అన్నాడు సాబు ఆయన భుజం మీద చెయ్యి వేసి. "ఊపలే. గిసువంటోడే కావాలె మాకు. బేగంపేటల ఒక గోదాం చూసేదున్నది, రేపు నా ఎంబడి రా."

అన్నాల దగ్గర బెజవాడ ఆయన కోడికూరా పచ్చిపులుసూ చూసి, "పప్పు లేదాండీ?" అన్నాడు. "మీరు చూసేశారు కదండీ," అన్నాను.

ఆ తర్వాత ఎవరింట్లో కూర్చున్నా సరే, సంచి విప్పే ముందు సాబు వంటింటి వైపు తిరిగి కేకేసేవాడు.

"అమ్మా, మీ గిన్నెలు లోపల పెట్టుకున్నరా?"

లోపలి నుంచి జవాబు వచ్చాకే చాప మీద కూర్చునేవాడు.