ఫొటో మీద నా పేరుకు చోటు

కొనకనమిట్ల దారిలో వాగు పొంగిన రోజు, ఒక పెద్దాయన గొర్రెను భుజాల మీద వేసుకుని నడుంలోతు నీళ్లలో దాటుతుంటే ఫొటో తీశాను. మార్కాపురంలో మా కిరాణా దుకాణం చూసుకుంటూ ఒక పత్రికకు ఫొటోలు పంపేవాణ్ణి. ఫొటో కింద నా పేరు చీమంత అక్షరాల్లో వచ్చేది. పొద్దున్నే వార్త కంటే ముందు దాన్నే వెతుక్కునేవాణ్ణి.

టీవీ విలేకరి వాగు దగ్గరకు చేరేసరికి నీళ్లు తగ్గిపోయాయి. దుకాణానికి వచ్చి నా ఫొటో అడిగాడు.

"డబ్బులొద్దు. పేరు వేయాల" అన్నాను.

"వేస్తాంలే అన్నా."

ఆ 'లే' సంగతి నాకు తెలుసు. గిరాకీలతో మేం రోజూ అనేదే. అందుకని అతన్ని నమ్మకుండా, ఫొటోలోనే అడుగున కుడి మూల తెల్లటి అక్షరాలతో పేరు వేసి మరీ ఇచ్చాను. పత్రిక అలవాటు కొద్దీ పేరుకు చోటంటే అడుగునే అనుకున్నాను.

మధ్యాహ్నం వార్తలకు నాయన పక్క దుకాణాల వాళ్లందర్నీ పిలిచాడు. ఫొటో వచ్చింది. దాని అడుగున వార్తల పట్టీ పరుగెడుతోంది, సరిగ్గా నా పేరు మీదుగా.

"యాడరా నీ పేరు?" అన్నాడు నాయన.

"ఉంది నాయనా. ఆ మిర్చి ధర కింద ఉంది."

"అదీ పడిపోయిందంట గదా" అన్నాడు పక్క దుకాణం మామ.

విలేకరికి ఫోన్ చేసి, పేరు పైకి మారుస్తానన్నాను.

"పైన ఒక పక్క మా చానల్ గుర్తు, ఇంకో పక్క బ్రేకింగ్ న్యూస్ ఉంటదన్నా. ఫొటో నడిమధ్యలో ఖాళీనే గదా, ఆడ రాసుకో. సాయంత్రం మళ్లా వేస్తాం."

కూర్చుని రాశాను. గొర్రె మీద రాస్తే దాని కళ్లు పోయాయి. నీళ్ల మీద రాస్తే లోతు పోయింది. పెద్దాయన మీద రాస్తే ఆయన నడివీధిలో మా దుకాణం బోర్డు మోస్తున్నట్టు ఉంది. బేరంలో ధర దించినట్టు అక్షరాల సైజు దించుకుంటూ వచ్చాను. ఎంత దించినా అడ్డంగానే ఉన్నాయి. చివరికి పేరు తీసేసి పంపాను.

సాయంత్రం ఫొటో మళ్లీ వేశారు.

"ఈసారి యాడుంది?" అన్నాడు నాయన.

"వేయలేదు నాయనా. కొసరు కింద వదిలేసినా."

"కొసరంటే గుప్పెడు పప్పురా. నువ్వు మూటంతా ఇచ్చి వచ్చినావు."

మామ మాత్రం తెర మీద ఆ గొర్రె కళ్లనే చూస్తున్నాడు.