నల్ల గుండీ మళ్ళీ సంచిలోకి

క్లినిక్‌లో అందరూ పెద్ద సిస్టర్ అని పిలిచే నర్సుకి ఆన్‌లైన్ జన్యుశాస్త్రం పాఠం ఓ పట్టాన తలకెక్కడం లేదు. ఒకే ప్రశ్నకి మళ్ళీ మళ్ళీ తప్పంటోంది కంప్యూటర్. తల్లిదండ్రులిద్దరిలోనూ ఒక రక్తజబ్బు తాలూకు జన్యులోపం దాగి ఉంటే, నలుగురు పిల్లల్లో ఒకరికి జబ్బు రావచ్చు. మొదటి బిడ్డకి వచ్చింది. మరి రెండో బిడ్డకి?

"రావాల్సింది వచ్చేసిందిగా, ఇంకేం వస్తుంది!" అని విసుక్కుంది.

పాఠంలో చెప్పినట్టే మూడు తెల్ల గుండీలూ, జబ్బుకి గుర్తుగా ఒక నల్ల గుండీ సంచిలో వేసి భర్త ముందు పెట్టింది. ఆయన చేతికి నల్లదే వచ్చింది. ఆమె దాన్ని పక్కన పెట్టేసింది.

"పాఠంలో మళ్ళీ లోపల వెయ్యమంటోంది కదే!" అన్నాడాయన తెర చూసి.

"తీసేసింది మళ్ళీ ఎందుకండీ?"

"నన్నడుగుతావేం? చదువుతోంది నువ్వా, నేనా? రెండో బిడ్డకీ అదే అమ్మ, అదే నాన్న. సంచి మారదుగా!"

ఆమెకి క్లినిక్ గుర్తొచ్చింది. మొన్న ఒక గర్భిణి అచ్చం ఇదే అడిగింది. "పెద్దదానికి వచ్చిందిగా, ఇక భయం లేదులే" అని తనే ధైర్యం చెప్పి, పరీక్ష చేయించకుండా పంపేసింది.

వెంటనే ఫోన్ చేసింది. "అమ్మాయ్, రేపు డాక్టరుగారి దగ్గరికి రా. పరీక్ష చేయించాలి."

"అదేంటక్కా, భయం లేదన్నావుగా?"

"తప్పు చెప్పానమ్మా. ఎందుకు తప్పో నాకూ సరిగ్గా అర్థం కావట్లేదు. ఇద్దరం కలిసే అడుగుదాం, రా."