కుడివైపు మావయ్య

మా మావయ్య ఏ వస్తువునైనా ముందు కుడిచేతివైపు పెట్టుకుని దాని చుట్టూ ఒక చుట్టు తిరుగుతాడు. తరవాతే పని. ఏ వస్తువునైనా అంటే నిజంగా ఏ వస్తువునైనా. భోజనాల బల్ల, పోస్టు డబ్బా, పక్కింటివాళ్ల కొత్త ఫ్రిజ్. ఒకసారి మా నాన్నకి జ్వరమొస్తే చూడ్డానికొచ్చి, పలకరింపు కూడా లేకుండా మంచం చుట్టూ తిరగడం మొదలెట్టాడు. మా నాన్న ఒక కన్ను తెరిచి, "తొందరపడకు బావా, ఇంకా ఉన్నాను" అన్నాడు.

బస్సు సంగతైతే చెప్పక్కర్లేదు. మావయ్య బస్సు చుట్టూ తిరిగి ఎక్కేలోపు బస్సు వెళ్లిపోతుంది. అందుకని అరగంట ముందు బయల్దేరి మొదటి బస్సు చుట్టూ తిరిగి రెండో బస్సెక్కేవాడు. "మరి రెండోదాని చుట్టూ తిరగలేదే?" అని అడిగాను. "రెండూ ఒకే కంపెనీవి కదమ్మాయ్" అన్నాడు. నాలుగు రోడ్ల కూడలిలో వాహనాలన్నీ మధ్య దిమ్మెని కుడివైపు ఉంచుకుని తిరుగుతుంటే మాత్రం ఆయన మొహం వెలిగిపోయేది. అక్కడ నిలబడ్డ ట్రాఫిక్ పోలీసుకి రోజూ నమస్కారం పెట్టేవాడు. ఆ పోలీసు ఆయన్ని రిటైరైన తన పై అధికారి అనుకుని రోజూ సెల్యూట్ కొట్టేవాడు.

అత్తయ్యకి తల ప్రాణం తోకకొచ్చింది. కూర వడ్డించి చూస్తే మనిషి కుర్చీలో ఉండడు, బల్లకి అటు పక్క ఎక్కడో ఉంటాడు. చివరికి పట్టుదలతో బల్లని ఈడ్చి గోడకి ఆనించేసింది. "ఇప్పుడు తిరగండి చూస్తాను" అంది. మావయ్య పెరటి తలుపులోంచి బయటికెళ్లి, ఇల్లంతా చుట్టి, వీధి తలుపులోంచి లోపలికొచ్చి భోజనానికి కూర్చున్నాడు. నాలుగోరోజు వాన పడింది. అత్తయ్య తనే బల్లని మధ్యకి లాగింది.

"పెళ్లైన కొత్తలో ఈ జబ్బు లేదే" అని అత్తయ్య నా దగ్గర వాపోయేది. "ఏడేళ్ల కిందట ఒకరోజు ఆఫీసునించి వచ్చారు, చెప్పులైనా విప్పకుండా ఈ బల్ల చుట్టూ తిరిగారు. అంతే, ఇంక ఆగలేదు."

ఆఫీసంటే మ్యూజియం. మావయ్య అక్కడ స్తూపాల గదిలో గైడు. నేను అదే మ్యూజియంలో టికెట్ కౌంటర్లో కూర్చుంటాను. కాబట్టి మా మావయ్య ఇంట్లోనూ నాకే, ఆఫీసులోనూ నాకే.

ఆ గది గుండ్రంగా ఉంటుంది. మధ్యలో రెండు నిలువుల ఎత్తున ఒక నమూనా స్తూపం. గోడవెంట అద్దాల బీరువాల్లో ఆసియాలో ఉన్న రకరకాల స్తూపాల చిన్న బొమ్మలు. రెంటికీ మధ్య నాలుగడుగుల దారి. లోపలికి రాగానే ఎడమకి తిరగాలి, స్తూపం కుడివైపు రావాలి, చుట్టంతా పూర్తి చేసి అదే తలుపులోంచి బయటపడాలి. బౌద్ధులు స్తూపం చుట్టూ అలాగే తిరుగుతారని మావయ్య చెప్పేవాడు. చెప్పడమే కాదు, వందమందిలో ఒక్కడు కుడికి తిరిగినా ఊరుకునేవాడు కాదు. ఒకావిడ చేతిసంచీ మర్చిపోయి రెండడుగులు ముందుకొచ్చేసింది. వెనక్కెళ్లి తీసుకోబోతే చేతులడ్డం పెట్టాడు.

"రెండే అడుగులు కదండీ!"

"వెనక్కి రెండు, ముందుకి అరవై. అరవైలో పుణ్యం ఎక్కువమ్మా."

ఆవిడ పాపం అరవై అడుగులూ నడిచి సంచీ తీసుకుంది. వెళ్తూ వెళ్తూ నా కౌంటర్ దగ్గర ఫిర్యాదు పుస్తకం అడిగింది. ఆ పుస్తకంలో మావయ్య మీద పేజీలకి పేజీలు ఉన్నాయి.

కానీ చెప్పడం మొదలెడితే ఆయన్ని వదిలి కదిలేవాళ్లు కాదు. "మొదట ఇది ఉత్త మట్టిదిబ్బ బాబూ. మహానుభావుడి అస్థికలు లోపల పెట్టి పైన మట్టి పోశారు, అంతే. తరవాత ఇటుకలొచ్చాయి. ఈ బోర్లించిన గిన్నెలాంటి భాగాన్ని అండం అంటారు. గుడ్డు లోపల ప్రాణం దాక్కుంటుందిగా, అలాగన్నమాట. పైన చిన్న కంచె, కంచెలో కర్ర, కర్రకి గొడుగులు. గొడుగు ఎవరికి పడతారు? రాజుకి. ఇక్కడున్నాయన రాజుకంటే పెద్ద గనక మూడు పట్టారు." అక్కణ్నించి ప్రయాణం. "సింహళం వెళ్లి నీటిబుడగలా అయింది. బర్మా వెళ్లి గంటలా అయింది. నేపాల్లో కళ్లొచ్చాయి చూడండి, నాలుగువైపులా చూస్తోంది. జావాలో కొండంత అయింది, అంతస్తంతస్తూ తిరుగుతూ పైకెక్కాలి. చైనా, జపాన్ చేరేసరికి పొట్ట కరిగిపోయింది, గొడుగులు పెరిగి అంతస్తులైపోయాయి."

"ఏం తిని తగ్గిందండీ పొట్ట?" అన్నాడొక లావుపాటాయన.

"నడిచి తగ్గింది. అంతదూరం నడిస్తే మీదైనా తగ్గుతుంది. రండి, కుడివైపు ఉంచుకుని."

ఎవరో ఒకరు తప్పకుండా అడిగేవారు, లోపలికి తలుపెక్కడని. "తలుపుండదు. లోపల ఉన్నది చూపించుకోవడానికి కాదు, దాచుకోవడానికి" అనేవాడు మావయ్య.

ఆ గదిలో మావయ్యకి ఒకే ఒక విరోధి. గోడ బీరువాల్లో బొమ్మలన్నీ చేసిందీ, విరిగితే అతికేదీ ఆయనే, ప్లాస్టర్ మేస్త్రి. గోడవైపు తిరిగి చిన్న స్టూలు మీద కూర్చుని, చేతిలో బొమ్మ పెట్టుకుని, రోజంతా పని చేసుకుంటుంటాడు. మావయ్య చుట్టు తిరిగి ఆయన దగ్గరికొచ్చినప్పుడల్లా గొడవే.

"మేస్త్రీ! ఈ బర్మా బొమ్మకి ఏడు గొడుగులు కదయ్యా. ఎనిమిదున్నాయేం?"

"ఎండలు ముదిరాయి గైడుగారూ."

"నేను సరిగ్గా లెక్కపెట్టానో లేదో ఉండు." అని ఇంకో చుట్టు తిరిగొచ్చి మళ్లీ లెక్కపెట్టేవాడు. ఎనిమిదే ఉండేవి. మేస్త్రి ఒకటి పీకేసేవాడు. మర్నాడు ఇంకో బొమ్మకి ఒకటి ఎక్కువుండేది.

ఇలా హాయిగా జరిగిపోతుండగా మ్యూజియంకి కొత్త అధికారి వచ్చాడు. చురుకైనవాడు. గది తలుపుకి ఎడమపక్కనే జ్ఞాపికలమ్మే చిన్న కొట్టు ఉంది. జనం లోపలికి రాగానే కొట్టు ఎదురొస్తుంది, ఇంకా ఏమీ చూడకుండా ఎవరు కొంటారు? అదే కుడికి తిరిగి చూసుకుంటూ వస్తే చివర్లో కొట్టు దగ్గర తేలతారు. అందుకని దారి తిప్పేయాలని అధికారి నిర్ణయించాడు. నేల మీద బాణం గుర్తులు మార్చమన్నాడు.

మావయ్య ఆ రోజు నన్ను వెంటబెట్టుకుని అధికారి గదిలోకి వెళ్తూ బల్ల చుట్టూ తిరగడం మర్చిపోయాడు. అప్పుడే నాకు భయమేసింది.

"సార్, అలా తిరగకూడదు సార్. స్తూపం ఎడమకొస్తుంది."

"వస్తే ఏమవుతుందండీ? లోపల ఇటుకలే కదా, మనమే కట్టించాం."

"ఒక్క మూడేళ్లు ఆగండి సార్. తరవాత మీ ఇష్టం."

"ఒక్కరోజు కూడా కుదరదు. రేపు ప్రయత్నించి చూద్దాం. బాగుంటే అదే ఖాయం. మీకు ఇష్టం లేకపోతే నాణేల గదికి వేయిస్తాను, అక్కడ తిరగడానికి చోటుండదు."

బయటికొచ్చాక నేను మెల్లిగా అడిగాను. "నీ రిటైర్మెంటుకి ఐదేళ్లుంది కదా మావయ్యా? మూడేళ్లంటావేం?"

"అంతేలే" అన్నాడు. ఆ రాత్రి భోజనం ముట్టలేదట. అత్తయ్య ఫోన్ చేసి, "బల్ల చుట్టూ కూడా తిరగలేదే, డాక్టర్ని పిలవనా?" అంది. ఆ గది పోతే మా మావయ్య ఏమైపోతాడు? చుట్టూ తిరగడానికి ఏమీ లేని మావయ్యని నేను ఊహించుకోలేకపోయాను.

మర్నాడు కొత్త బాణాలు. పొద్దున్నించే రభస. మ్యూజియంలో పనిచేసేవాళ్లందరికీ ఏడేళ్లుగా కాళ్లకి ఒకటే దారి అలవాటైపోయింది. సందర్శకులేమో బాణాల ప్రకారం ఎదురొస్తున్నారు. ఊడ్చే ఆవిడ చీపురు ఒకాయన మోకాళ్ల మధ్య ఇరుక్కుంది. టీ పట్టుకొచ్చే అతను సాక్షాత్తూ అధికారినే గుద్దేశాడు. ఆయన తెల్లచొక్కా మీద టీ మ్యాపులా పరుచుకుంది. నిజం చెప్పొద్దూ, నాకు చాలా బాగుంది.

పదకొండింటికి ఒక బడి పిల్లలొచ్చారు, నలభైమంది. టికెట్లు చింపి ఇచ్చానో లేదో, టీచరు చేయి విదిలించుకుని కుడివైపుకి పరుగు తీశారు. చొక్కా ఆరబెట్టుకుంటూ అధికారి, ఆయన వెనక నేను లోపలికి వెళ్లాం. కుడివైపు గోడ దగ్గర మేస్త్రి స్టూలు మీద ఉన్నాడు. ఆయన చేతుల్లో జావా బొమ్మ. రెండు నెలల పని, ముట్టుకుంటే రాలిపోయేటంత సన్నటి నగిషీ. మావయ్య తన పాత దారినే మేస్త్రిని దాటి ఇటు వస్తున్నాడు. పిల్లల గుంపు ఆయనకి ఎదురై, రెండు పక్కల నుంచీ దూసుకుని, మేస్త్రి వైపు వెళ్లిపోయింది.

మావయ్య ఆగాడు. నియమం ప్రకారమైతే ముందుకి నడిచి, ముప్పావు చుట్టు తిరిగి మేస్త్రిని చేరాలి. ఒక్క క్షణం ఆగి, గిరుక్కున వెనక్కి తిరిగి, పిల్లలతో పాటు పరుగెత్తాడు. స్తూపాన్ని ఎడమచేతివైపు పెట్టుకుని! ఏడేళ్లలో మొట్టమొదటిసారి! పరుగెత్తి, పిల్లల్ని దాటి, మేస్త్రి కుడిభుజం పక్కన చేతులు చాపి నిలబడ్డాడు. ముగ్గురు పిల్లలు వరసగా ఆయన పొట్టకి గుద్దుకుని, రబ్బరు బంతుల్లా వెనక్కి పడ్డారు.

ఇంతా జరుగుతుంటే మేస్త్రి బొమ్మ మీది దుమ్ము ఊదుకుంటున్నాడు. అరుపులు విని తల తిప్పాడు. మనమైతే ఓరగా చూస్తాం. ఆయన స్టూలు మీద మొత్తం మనిషి తిరిగేదాకా ముక్కు పక్కనే ఉన్న మావయ్య కనపడలేదు. అప్పుడు నాకు వెలిగింది.

మధ్యాహ్నం మావయ్యని సామాన్ల గదిలో పట్టుకున్నాను. పొట్టకి మందు రాసుకుంటున్నాడు.

"మేస్త్రిగారికి కుడికన్ను కనపడదు కదూ?"

"నోరు ముయ్యి. గోడలకి చెవులుంటాయి."

"ఆయన గోడవైపు తిరిగి కూర్చుంటాడు. అందరూ కుడివైపు చుట్టే తిరిగితే మనుషులు ఆయనకి ఎడమ నించే వస్తారు. కనపడతారు."

మావయ్య లేచి తలుపు దగ్గరగా వేశాడు. తరవాత చెప్పాడు. ఏడేళ్ల కిందట ఎవరో కుడినించి వచ్చి తగిలితే చైనా బొమ్మ ముక్కలైంది. తనే గుద్దానని మావయ్య ఆఫీసులో రాసిచ్చాడు. కన్ను సంగతి తెలిస్తే మేస్త్రిని ఇంటికి పంపేస్తారు. "వాడు వేళ్లతో చూస్తాడమ్మాయ్. కంటితో చూసేవాళ్లు పదిమంది కలిసినా అలాంటి బొమ్మ ఒకటి చెయ్యలేరు. ఇంకో మూడేళ్లలో రిటైరవుతాడు, గౌరవంగా వెళ్లనీ."

"సరే, మ్యూజియంలో తిరుగు. బల్ల చుట్టూ ఎందుకు? మా నాన్న చుట్టూ ఎందుకు?"

"ఒక్కచోట తిరిగితే ఎందుకని అడుగుతారు. అన్నిచోట్లా తిరిగితే పిచ్చంటారు. పిచ్చికి కారణం ఎవరూ అడగరు."

నాకు కళ్లు చెమర్చాయి, ఏం చెప్పను. అది దాచుకోవడానికి, "అత్తయ్యకైనా చెప్పొచ్చుగా" అని కసిరాను. "చెబితే తిట్టడం మానేస్తుంది, ఇల్లు బోసిపోతుంది" అన్నాడు.

సాయంత్రం అధికారి గదికి వెళ్లాను. ఆయన మరకల చొక్కాతో దిగాలుగా ఉన్నాడు. "సార్, ఇంతమంది మనుషుల్ని తిప్పేకంటే కొట్టుని తిప్పితే సులువు కదా. తలుపుకి ఎడమపక్కనున్నది కుడిపక్కకి జరిపితే అందరూ చివర్లో దాని దగ్గరికే వస్తారు" అన్నాను. ఆయన నా వంక చూశాడు, చొక్కా వంక చూసుకున్నాడు. "ఇంత చిన్న సంగతి పొద్దున్నే చెప్పకూడదటమ్మా?" అన్నాడు. మర్నాటికి కొట్టు జరిగింది, పాత బాణాలొచ్చాయి, మావయ్య ఆ బాణాల చుట్టూ కూడా ఒకసారి తిరిగాడు.

వారం తరవాత మేస్త్రి నా కౌంటర్ దగ్గరికొచ్చి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అమ్మా, నీకొక రహస్యం చెబుతాను, మీ మావయ్యతో అనకు. నాకు కుడికన్ను కనపడదు. ఆయనకి తెలీదులే. కానీ ఆయన పిచ్చి నాకెంత కలిసొచ్చిందో! ఆ తిరుగుడే లేకపోతే నా ఉద్యోగం ఏనాడో పోయేది."

"అవునా?" అన్నాను.

"అందుకే ఆయన పిచ్చి తగ్గకుండా నేను చూసుకుంటున్నాను. రోజూ ఏదో ఒక బొమ్మకి ఒక గొడుగు ఎక్కువ అంటిస్తాను. లెక్క చూసుకోవడానికి ఇంకో చుట్టు తిరుగుతాడు కదా, పాపం ఆయనకదో సంతోషం."

మేస్త్రి వెళ్లిపోయాక లేచి నిలబడ్డాను. తరవాత నా కౌంటర్ బల్లని కుడిచేతివైపు పెట్టుకుని, నెమ్మదిగా ఒక చుట్టు తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నాను. టికెట్ కోసం నిలబడ్డాయన నన్ను వింతగా చూశాడు.

"మా ఇంటా వంటా ఉందండీ ఈ పిచ్చి" అన్నాను. "ఎన్ని టికెట్లు?"