ఇసుకలో ఒరిగిన పడవ

నా చిన్నప్పుడు మా తాత పడవకు ఉద్యోగం పోయింది. తుంగభద్ర మీద ఎగువన వంతెన కట్టగానే జనం బస్సెక్కి అవతలి ఒడ్డుకు పోవడం నేర్చుకున్నారు. మనుషులకైతే పింఛను ఉంటుంది. పని పోయిన పడవ చివరికి చేరేది పొయ్యిలోకే. మా తాతకు దాన్ని పొయ్యిలో పెట్టడానికి చేతులు రాలేదు. అందుకని మట్టి పరిచి దాంట్లోనే పొయ్యి పెట్టాడు. రేవులోనే గుంజలకు కట్టేసి, పైన పందిరి, అటూ ఇటూ బల్లలు వేసి, బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీల హోటలు చేశాడు. మా నాన్న ఆదోనిలో బోర్డు రాయించి తెచ్చాడు, ‘నీళ్ల మీద హోటల్’ అని. ఎండాకాలం వస్తే ఏట్లో నీళ్లుండవు కాబట్టి, ఏడాదిలో కొన్ని నెలలు ఆ బోర్డు నిర్భయంగా అబద్ధం చెప్పేది.

సెలవులు ఇస్తే చాలు, నేను ఆదోని నుంచి అక్కడికి పోయేదాన్ని. నాకొక జబ్బు ఉండేది. ఎవరైనా గంభీరంగా ఉంటే ఒక్క మాటతో గాలి తీసేయాలనిపించేది. పెండ్లిచూపుల్లో మా మామ తల వంచుకుని సిగ్గుపడుతుంటే, ఆ సిగ్గు పొద్దున అద్దం ముందర నేర్చుకున్నదేనని అందరికీ చెప్పింది నేనే. “నీ నోట్లో ఎప్పుడూ ఏదో ఒకటి ఉండల్ల మే, లేకుంటే సంసారాలు కూలిపోతాయి,” అంటూ మా అవ్వ నాకు బజ్జీ అందించేది.

పడవ నడిచిన రోజుల్లో తాత ఎవరి కులమూ అడగలేదు. ఒళ్లు చూసి కూర్చోబెట్టేవాడు. లావుపాటివాళ్లు ఇటు, బక్కవాళ్లు అటు, గడ్డిమోపులు నడుమ. ప్రాణం మీద ఆశ ఉన్నవాడెవడూ ఎదురు చెప్పలేదు. అదే పడవ హోటలయ్యేసరికి అందరికీ పద్ధతులు గుర్తుకొచ్చాయి. వాడ నుంచి గడ్డిమోపు మోసుకొచ్చే పెద్దమ్మ ఒకామె ఉండేది. ఇన్నేళ్లూ అదే పడవలో, ఊరి పెద్దాయన మోకాలికి మోకాలు తగులుతుండగా ఏరు దాటిన మనిషి. ఇప్పుడు ఆమె ఒడ్డున ఎండలో నిలబడి, విడిగా పెట్టిన గ్లాసులో టీ తాగేది.

ఒక దసరా సెలవుల్లో తాత ఆమెను లోపలికి రమ్మన్నాడు. పెద్దాయన పంచె దులుపుకుని లేచాడు.

“ఆమె ఎక్కితే మేము దిగుతాం. మేము దిగితే నీ పొయ్యి ఆరిపోతాది. ఆలోచన చేసుకో.”

అది ఉత్త బెదిరింపు కాదు. ఆయన రాకుంటే ఊళ్లో సగం మంది రారు, హోటలు మూతపడుతుంది, పడవ ఈసారి నిజంగానే పొయ్యిలోకి పోతుంది. పెద్దమ్మే కల్పించుకుని, “నాకీడే బాగుండాది లే అన్నా. గాలి తగుల్తాది,” అంది.

ఒక్క ఆకైనా కదలడం లేదు కదా అని నేను గట్టిగానే అన్నాను. ఎవరూ నవ్వలేదు. పెద్దమ్మ గ్లాసులోకి చూస్తూ నిలబడిపోయింది.

మరుసటి రోజు పెద్దాయన తన మనుషులతో ఎప్పటిలాగే నీళ్లవైపు బల్ల మీద కూర్చున్నాడు. పళ్లెం ముందర పెట్టడమే ఆలస్యం, పడవ ఆ పక్కకు ఒరిగింది. ఉగ్గాని ఆయన ఒళ్లోకి చేరింది. పడవ ఇంకోసారి ఒరిగింది. టీ కూడా అదే దారి పట్టింది.

తాత రేవులో అరిచే పాత గొంతు బయటికి తీశాడు. “బరువంతా ఒక పక్కే అయిపోయిందప్పా! ఈ పక్క కూడా మనుషులు కావల్ల! ఎవురన్నా ఉండారా?”

ఒడ్డున పెద్దమ్మ, ఆమెతో వచ్చిన కూలి ఆడవాళ్లు తప్ప ఎవరూ లేరు. పెద్దాయన పంచె మీది బొరుగులు ఏరుకుంటూ నీళ్ల లోతు చూశాడు. ఆయనకు ఈత రాదు.

“ఉండేటోళ్లనే ఎక్కమను, బిరీన!”

వాళ్లు ఎక్కి కూర్చోగానే పడవ గోడకు కొట్టిన పటంలా నిలబడిపోయింది.

నేను మాత్రం తాత కాలు చూశాను. నీళ్లవైపు అంచు మీద మడమ ఆనించి, పైన బజ్జీలు వడ్డిస్తూ, కింద పడవను ఊపింది ఆయనే. బతుకంతా పడవను ఒరగకుండా కాచినవాడికి ఒరగబెట్టడం ఎంతసేపు? తాత కూడా నన్ను చూశాడు. ఆయన ముఖంలో రంగు పోయింది. ‘తాత కాలు సూడండప్పా’ అంటే చాలు, రేవంతా నవ్వేది. మాట నాలుక చివరికి వచ్చేసింది. అవతల పెద్దమ్మ బల్ల మీద సగం, గాలిలో సగం కూర్చుని, పళ్లేనికి రెండు చేతులూ చాపింది. నేనే ఒక బజ్జీ తీసుకుని నోట్లో కుక్కుకున్నాను. నాకు జ్వరమేమోనని అవ్వ నుదురు తాకి చూసింది.

ఎండాకాలం సెలవులకు నేను మళ్లీ వచ్చేసరికి ఏరు ఎండిపోయింది. పడవ ఇసుకలో కూరుకుపోయి ఉంది. ఏనుగెక్కినా కదలదు. దసరా నుంచి పెద్దమ్మకు పడవలో చోటు సంపాదిస్తున్న తాత మడమకు ఇక పని లేదు. ఆ పొద్దున పెద్దాయన ఇసుకలో నడిచొచ్చి, పడవ చుట్టూ ఒకసారి తిరిగాడు. అంచు పట్టుకుని ఊపి చూశాడు. తర్వాత తాతను చూశాడు. తాత పొయ్యిని చూశాడు. పడవ ఎక్కబోయిన పెద్దమ్మ ఎత్తిన కాలు దించేసింది.

పెద్దాయన ఎక్కి తన చోట కూర్చున్నాడు. పళ్లెం వచ్చాక దాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకుని, ఎటో చూస్తూ అన్నాడు: “ఏంమా, ఆడనే నిలబడితివి? వచ్చి ఆ పక్క కూచో. మళ్లా ఒరుగుతాండాది.”

గాలి తీయడానికి అంతకంటే సులువైన నాటకం నా బతుకులో మళ్లీ దొరకలేదు. ఆ రోజు నోట్లో బజ్జీ కూడా లేదు. అయినా మాట బయటికి రాలేదు.

ఇప్పుడు నా మనవరాలికీ అదే జబ్బు వచ్చింది. నాకూ తగ్గలేదు. నలుగురిలో ఎవరైనా గంభీరంగా నాటకమాడుతుంటే నాలుక ఇప్పటికీ దురద పెడుతుంది. కాకపోతే నోరు తెరిచే ముందు, అవతలి బల్ల మీద ఎవరు కూర్చున్నారో ఒకసారి చూసుకుంటాను. ఎవరూ లేకుంటే మాత్రం వదలను.