‘యా’ అని కొట్టగానే

మా కళాశాలలో ఇప్పుడు ఫోనుకు ముఖం చూపించి హాజరు వేసుకోవాలి. కొత్త యాప్ నా పాత ఫోనులోకి ఎక్కలేదు. తోటి అధ్యాపకుడు నవ్వాడు.

"ఇంగా దాన్నే మోస్తాండావా మామా? డిజిటల్ అక్షరాస్యత సెప్పేటోడివి నువ్వే!"

ప్రొద్దుటూరులో నేను వాణిజ్యశాస్త్రంతో పాటు ఆ పాఠమూ చెబుతాను. ఫోను ఎందుకు మార్చలేదో అతనికి చెప్పలేదు.

నా భార్య జమ్మలమడుగులో టీచరు. రోజూ బస్సులో పోయి వచ్చేది. ఆలస్యమైతే "ఎక్కడున్నావు" అని మెసేజ్ పెట్టేవాణ్ని. ఒకరోజు ఆమె ఇంటికి వచ్చి, బ్యాగు కూడా దించకుండా నా ఫోను లాక్కుంది.

"ఏంది, వార్తలు సదివినట్టు రాస్తాండారు? ఎవురో పరాయోళ్లు అడిగినట్టుంది."

"యాడుండావు" అని కొట్టింది. మాట కింద ఎర్రగీత వచ్చింది. ఆ మాటను వేలితో నొక్కి ఫోను నిఘంటువులో చేర్చింది.

"ఇంగ మీ ఫోనుకు గూడా మన మాట వచ్చు."

ఆమె పోయి ఏడాది దాటింది. నేను పాఠాలు ఫోనులోనే టైపు చేసుకుంటాను. ‘యాజమాన్యం’ అనే మాట లేకుండా మా సబ్జెక్టులో ఒక పేజీ నడవదు. ‘యా’ కొట్టగానే ఫోను తనంతట తానే "యాడుండావు" అని చూపిస్తుంది. దాన్ని వదిలేసి మిగతా అక్షరాలు కొడతాను. ఇంట్లో నన్ను ఏమైనా అడిగేది ఇప్పుడు అదొక్కటే.

హాజరు తప్పదు కాబట్టి కొత్త ఫోను కొన్నాను. అంగడాయన ఫోటోలు, నంబర్లు అన్నీ అందులోకి ఎక్కించాడు. నేర్పిన మాటలు కూడా వస్తాయా అని అడిగాను.

"మాటలేంది సార్? ఫోటోలొచ్చినాయా లేదా సూసుకోండి."

ఆ వారమే పులివెందులలో మహిళలకు ఫోను వాడకం మీద తరగతి చెప్పడానికి వెళ్లాను. ఎర్రగీత వస్తే అక్షరదోషం, సరిచేసుకోవాలి అని ఎప్పటిలాగే చెప్పాను. ముందు వరుసలో ఒకామె తన ఫోను చూపించింది.

"మా ఆయప్ప కువైట్‌లో ఉండాడు సార్. యాడుండావు అని రాస్తే గీత పడతాంది. తప్పా?"

ఆమె ఫోను చేతిలోకి తీసుకున్నాను.

"తప్పు కాదమ్మా. ఫోనుకు తెలియదు."

"తెలీకపోతే సెప్పండి దానికి!"

పక్కనున్నామె అందుకుంది. "ముందు మీ ఆయప్పకు సెప్పుకో. యాడుండాడో ఆయప్పకే తెల్దు."

అందరూ నవ్వారు. ఆమె ఫోనులో ఆ మాట ఎలా చేర్చాలో చూపించాను. గీత పోయింది. ఆమె వెంటనే మెసేజ్ పంపింది. తరగతి అయ్యేలోపే జవాబు వచ్చింది.

తిరుగు బస్సు జమ్మలమడుగు మీదుగా వచ్చింది. స్టాండులో ఆగినప్పుడు కొత్త ఫోను తీసి "యాడుండావు" అని కొట్టాను. ఎర్రగీత పడింది. నిఘంటువులో చేర్చడానికి వేలు పెట్టి, మళ్లీ తీసేశాను. నేను చేరిస్తే అది నేను నేర్పిన మాట అవుతుంది. గీతతోపాటు మాటను కూడా చెరిపేశాను.

ఇప్పుడు కొత్త ఫోను హాజరుకు. పాఠాలు మాత్రం ఇంటికి వచ్చాక పాతదాంట్లోనే రాస్తున్నాను. ఛార్జింగు నిలవడం లేదని దాన్ని గోడ దగ్గర ఛార్జరుకు తగిలించే ఉంచుతాను. పక్కనే కుర్చీ వేసుకుని ‘యా’ అని కొడతాను.